సొరకాయ బుర్రలో పసుపు దారం

మా అత్తకు కుడిచెయ్యి పడిపోయిన ఏడాది మా ఇంట్లో అందరికీ ఎక్కడలేని తెలివీ పుట్టుకొచ్చింది. మా ఆయన వైద్యుడైపోయాడు, మా బావ పెద్దమనిషైపోయాడు, నేను వడ్రంగి పని మొదలుపెట్టాను. మా అత్త ఒక్కతే ముందెట్లా ఉందో అట్లాగే ఉంది. మిగిలిన ఒక్క చేత్తోనే మా ముగ్గురినీ ఆడించింది.

అప్పుడు మేం యాదగిరిగుట్ట కింద ఉండేవాళ్లం. మెట్లకు కొంచెం ఇవతల, కొబ్బరికాయల దుకాణాల వరుసలో చివరిది మా అత్త దుకాణం. దుకాణమంటే నాలుగు గుంజలు, పైన తాటికమ్మలు, కింద ఒక మట్టి గద్దె. గద్దె వెనక తడిక, తడిక వెనక మా ఇల్లు. అమ్మే సరుకు ఒక్కటే, పసుపు దారం. ఒంట్లో బాగాలేనివాళ్లు, కడుపు పండనివాళ్లు, గాలి సోకిందని ఇంట్లోవాళ్లు పట్టుకొచ్చినవాళ్లు, అందరూ గుట్ట ఎక్కే ముందు మా దగ్గర మూరెడు దారం తీసుకునేవాళ్లు. పైన నరసింహస్వామికి చూపించి చేతికి కట్టుకునేవాళ్లు. మా మామ చిన్న వయసులోనే పోతే మా అత్త ఇద్దరు కొడుకులను ఆ దారం మీదే పెంచింది.

నాది ఆలేరు పక్క ఊరు. మా పుట్టింట్లో మగ్గం ఆగింది నేను ఎన్నడూ చూడలేదు. నాకు పెళ్లయ్యేనాటికి మా అత్తవారింట్లో మగ్గం మూలకుపడి చాలా ఏళ్లయింది, నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంటలో కోళ్లు పొదుగుతున్నాయి. అయినా నూలు చేతబట్టిన పిల్ల వచ్చిందని మా అత్త నన్ను నేరుగా పెరట్లోకి తోసింది. నూలు పోగులు కలిపి పేనడం, పసుపు నీళ్లలో ముంచడం, ఆరేయడం, ఉండలు చుట్టడం నా పని. నా చేతులు ఎప్పుడూ పసుపుగానే ఉండేవి. అది చూసి వీధిలో ఆడవాళ్లు, ఈ పిల్లకు పెళ్లికళ ఇంకా పోలేదని ముచ్చటపడేవాళ్లు. పసుపు గోళ్ల సందుల్లోకి పోయి మండుతుంటే నాకు మాత్రం ఒళ్లు మండేది.

కొత్త కోడలిని కాబట్టి తడిక దాటి దుకాణంలోకి వచ్చేదాన్ని కాదు. ముందర ఏం జరుగుతుందో చెవులతో తెలుసుకోవడమే. "ఎవరికి బిడ్డా?" అని మా అత్త అడిగేది. వాళ్లేదో చెప్పేవాళ్లు. ఆమె ఇంకేదో అడిగేది. తర్వాత "మూర" అనే మాట వినపడేది, దారం తెగేది. ఇంతేనా ఈ వ్యాపారం అనుకునేదాన్ని. అనుకోవడానికి ఏముంది, తడిక వెనక కూచుంటే అందరూ తెలివైనవాళ్లే.

ఒకరోజు పొద్దున లేచేసరికి అత్త కుడిచెయ్యి ఆమె మాట వినలేదు. భుజం నుంచి కిందికి వేలాడిపోయింది. మూతి కొంచెం వంకరపోయి వారం పది రోజుల్లో సర్దుకుంది గాని చెయ్యి మాత్రం రాలేదు. దవాఖానకు తీసుకుపోయాం, పసరు మందు తాగించాం, మా ఆయన ఎవరో చెప్పారని పావురం నెత్తురు కూడా తెచ్చి పూశాడు. నోరు మాత్రం నిక్షేపంగా ఉండేది.

"ఊరందరి రోగాలు కుదిరిచ్చెటోడు నెత్తిమీదనే ఉండె," అనేది గుట్టవైపు చూస్తూ. "గంత మీదికెల్లి సూస్తె కిందున్న నేను ఆయనకేడ కండ్లవడ్త?"

సంగతి తెలిసి ఆలేరు నుంచి మా బావ వచ్చాడు. ఆయన అక్కడ స్టేషన్ దగ్గర ఎడ్లబండి కిరాయికి తోలేవాడు. వచ్చీరాగానే తల్లి పక్కన కూచుని ఆ పడిపోయిన చేతిని ఒళ్లో పెట్టుకుని పిసికాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత పెద్దకొడుకు గొంతుతో తీర్పు చెప్పాడు.

"ఇగ సాలు గనియ్యే అమ్మా. నా ఇంటికొచ్చి కూసోని తిను. దుకాణం జాగా పక్క కొబ్బరికాయలాయన అడుగుతుండు, ఆయనకు ఇచ్చేద్దాం. నీకేం ఫికర్ వద్దు."

"కూసోని తినుడేందిరా? నేనేమన్న అమాసకు పెట్టిన పిండమా, కాకి లెక్క నువ్వు సుట్టు తిరగనీకె?"

"ఒక్క చేత్తోటి ఎట్ల జేస్తవే?"

"జేస్త."

"సరే. జాతర దాక సూస్త. ఫాల్గుణం జాతర నువ్వొక్కదానివి ఎల్లదీస్తె నేను మాట్లాడ. లేకుంటె బండెక్కాలె."

మా బావ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. ప్రేమతో చేసేవాళ్లతోనే చిక్కు, వాళ్లను తిట్టడానికి వీలుండదు. పైగా భర్తకు అన్న కాబట్టి ఆయనతో నేను ఎదురుపడి మాట్లాడకూడదు. తల మీద కొంగు కప్పుకుని తడిక చాటున పళ్లు కొరకడమే నా వంతు.

ఆయన బండి కదిలిపోయాక అత్త పెరట్లోకి వచ్చి నా పక్కన కూచుంది. నేను ఉండ చుడుతున్నాను. ఆమె చాలాసేపు ఆ దారం వైపే చూసింది.

"ఏమే, ఆలేరుకు పోతె నేనేం జెయ్యాలె? పెద్దకోడలు మంచిదే, వండి పెడ్తది. తింట. పండుకుంట. మల్ల లేసి తింట. పొద్దుందాక నా తోటి మాట్లాడనీకె ఎవరొస్తరు?"

అంతవరకూ ఆమె ఏడవడం నేను చూడలేదు. ఆ రోజు చూశాను. ఎడమచేత్తో కొంగు అందుకోబోయి అందక, ముఖం అట్లాగే ఉంచుకుని ఏడ్చింది. నాకు జాలి కన్నా ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. చెయ్యి మీద, బావ మీద, గుట్ట మీద దేవుడి మీద, అందరి మీదా వచ్చింది. కోపం వస్తే నేను ఊరికే కూచోలేను. ఏదో ఒకటి చెయ్యాలి.

ఇంతకీ చిక్కు ఎక్కడంటే, దారం అమ్మడానికి రెండు చేతులు కావాలి. ఒక చెయ్యి ఉండను పట్టుకోవాలి, ఇంకో చెయ్యి లాగాలి, మళ్లీ ఏదో ఒక చెయ్యి కొడవలి ముక్కతో కొయ్యాలి. ఉన్న ఒక్క చేత్తో లాగితే ఉండ ఒళ్లోంచి దొర్లిపోతుంది. ఉండను పట్టుకుంటే లాగేవాళ్లు లేరు. మా ఆయన పక్కన కూచుని సాయం చేస్తానని నాలుగు రోజులు చేశాడు. ఆయన చేతుల్లో దారం ఎట్లా చిక్కుపడిందంటే, విప్పుకోలేక అట్లాగే ముద్దగా నాకు ఇచ్చి సంతలకు పోయాడు. వారంలో సగం రోజులు ఊరూరి అంగళ్లు తిరిగి జాకెట్ గుడ్డలు అమ్మేవాడు, అది ఆయనకు బాగా వచ్చు.

మొదట ఉండను గంపలో వేశాను. గంపలోంచి కొస బయటికి తీసి అత్తకు ఇచ్చాను. లాగింది. ఉండ గంపలో దొర్లుతూ బాగానే దారం ఇచ్చింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని మురిసిపోయాం. మేం కోతులను లెక్కలోకి తీసుకోలేదు. గుట్ట కోతులకు గంప కనపడితే అందులో కొబ్బరిచిప్ప ఉన్నట్టే లెక్క. ఒకటి వచ్చి ఉండను ఎత్తుకుని, కొరికి, రుచి లేకపోయేసరికి కోపం వచ్చి, కొబ్బరికాయల దుకాణాల కప్పుల మీదుగా పరుగెత్తింది. కొస అత్త చేతిలోనే ఉంది. ఆమె వదలదు, కోతి వదలదు. వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పసుపు దారం పరుచుకుంది. కింద పోతున్న భక్తులు అదేదో కైంకర్యం అనుకుని దారానికి దండం పెట్టుకున్నారు.

"ఇడిసిపెట్టు అత్తమ్మా!" అని నేను తడిక వెనక నుంచి అరిచాను.

"నేనెందుకు ఇడుస్త, దాన్ని ఇడువుమను!"

తర్వాత కుండ. కుండకు పక్కన చిన్న కన్నం చేసి, ఉండను లోపలవేసి, మూతికి గుడ్డకట్టి గుంజకు వేలాడదీశాను. కోతుల బాధ పోయింది. కానీ లాగినప్పుడల్లా ఉండ లోపల ఎగిరెగిరి పడేది, దడదడమని చప్పుడు. కుండలో దయ్యాన్ని పట్టి పెట్టిందని పిల్లలు దుకాణం ముందు నుంచి పోవడం మానేశారు. ఉండ చిన్నదయ్యేకొద్దీ ఎగురుడు ఎక్కువైంది. చివరికి అది కన్నానికి అడ్డంపడి ఇరుక్కుంది. అత్తకు విసుగొచ్చి ఒక్క గుంజు గుంజింది. కుండ వచ్చి గద్దె మీద పడి పగిలింది.

అప్పుడు నేను బుద్ధిగా కూచుని ఆలోచించాను. మా పుట్టింటి మగ్గంలో నాడె ఉంటుంది. అటూ ఇటూ పరుగెత్తి అడ్డంగా పేకపోగు వేసే ఆ చిన్న పడవ లాంటి కొయ్య. దాని కడుపులో దారం చుట్టిన కండె ఉంటుంది. నాడె ఎంత వేగంగా పరుగెత్తినా కండె ఎగరదు, దొర్లదు. అది కదలకుండా ఉండి దారం ఒక్కటే జారుతూ వస్తుంది. నేను ఉండను తిరగనిస్తున్నాను, అదీ తప్పు. ఉండ తిరగకూడదు. దారం లోపలి నుంచి రావాలి.

ఉండ చుట్టేటప్పుడు మధ్యలో ఒక జొన్నదంటు పెట్టి దాని చుట్టూ చుట్టాను. మొదటి కొసను దంటు వెంబడి బయటికి వదిలాను. అంతా చుట్టాక దంటు లాగేస్తే ఉండ మధ్యలో బోలుగా ఉంటుంది, లోపలి కొస చేతికి వస్తుంది. ఆ కొస పట్టుకుని లాగితే ఉండ కదలనే కదలదు, లోపలి నుంచి కరుగుతూ పోతుంది. పెరట్లో ఒక్కదాన్నే కూచుని లాగి చూసి గట్టిగా నవ్వేశాను. కోళ్లు లేచి పారిపోయాయి.

ఉండకు ఇల్లు కావాలి. పందిరి మీద విత్తనానికని వదిలిన సొరకాయ ఒకటి ఎండి గలగలమంటోంది. పొలం పోయేవాళ్లు నీళ్లు తీసుకుపోయే బుర్ర చేస్తారే, అదే కాయ. దాని వెనక భాగం కోసి, గింజలు గుజ్జు గీకి, ఉండను లోపల పెట్టి, కొసను మెడలోంచి ముందుకు తీశాను. వెనక గుడ్డ మూసి కట్టాను. బుర్రను అడ్డంగా పడుకోబెట్టి అత్త కూచునే చోట గుంజకు బిగించాను, మూతి వీధివైపు. పైసా ఖర్చు లేదు. బుర్ర మూతి కింద విరిగిన కొడవలి ముక్క కట్టాను. లాగిన దారాన్ని ఒక్క వేలితో కిందికి నొక్కితే చాలు, తెగుతుంది.

ఒక చిన్న పీడ మిగిలింది. కోసినప్పుడల్లా మిగిలిన కొస సర్రున లోపలికి పోయేది. మళ్లీ బుర్ర విప్పాలి, కొస వెతకాలి. మూడుసార్లు విప్పాక నా నోటికి వచ్చిన మాటలు ఇక్కడ రాయను. చివరికి చిరిగిన రవికె గుడ్డ పీలిక ఒకటి మూతిలో కుక్కాను, దారం దాని మధ్యలోంచి వచ్చేట్టు. ఆ పీలిక దారాన్ని మెత్తగా పట్టుకుని లోపలికి పోనివ్వలేదు. ఇంతకన్నా గొప్ప పని నేను జన్మలో ఇంకోటి చెయ్యలేదు. పిల్లల్ని కనడం కూడా దీని తర్వాతే.

అంతటితో ఆగితే బాగుండేది. నాకు తెలివి ఎక్కువైంది. మా పుట్టింట్లో మూర అంటే అందరికీ ఒక్కటే. పడుగు పోసేటప్పుడు కొయ్యగూటాలు పాతి ఉంటాయి, గూటానికి గూటానికి మధ్య ఇంత అని. చీర పొడుగు మనిషి మనిషికీ మారితే ఎవరు కొంటారు? అందుకని బుర్ర మూతి నుంచి ముందుకు ఒక చెక్క బిగించి, మూర దూరంలో ఒక మొల కొట్టాను. అత్త ఎడమచేత్తో దారాన్ని మొల దాకా లాగి, చుట్టేసి, మూతి దగ్గర నొక్కితే అయిపోయింది. ఆ మొల దేనికో ఆమె అడగలేదు. లాంతరు తగిలించుకోవడానికి అనుకుందట.

మర్నాడు శనివారం. పొద్దున్నే దుకాణం తెరిచాం. నేను తడికకు కన్నం చేసుకుని చూస్తున్నాను. మొదటి బేరం కేతేపల్లి నుంచి వచ్చిన ఒక ముసలాయన. అత్త కష్టపడకుండా దారాన్ని మొల దాకా లాగాలని నేను తడిక వెనక నుంచి చెప్పాను. ఆమె లాగి కోసి ఇచ్చింది. ఆయన దారం వైపు చూశాడు, మొల వైపు చూశాడు.

"గిదెవరి మూర?" అన్నాడు.

అత్త గతుక్కుమంది. తడికవైపు తిరిగింది.

"మూరేనండి," అన్నాను లోపల నుంచి.

"మూరేనమ్మా, ఎవరిది? నొప్పి నాకు, మొక్కు నాది. చెక్కకు మొలకు ఏం రోగమొచ్చింది, దాని మూర నేను కట్టుకోనీకె?"

దారం గద్దె మీద పెట్టి ఆయన వెళ్లిపోయాడు. వెనకున్న ఇద్దరు ముగ్గురు కూడా చెక్కను ఎగాదిగా చూసి కదిలారు. అత్తకు నవ్వు ఆగలేదు. నేను కోపంతో బయటికి వచ్చేశాను, కొత్త కోడలినన్న సంగతే మరిచిపోయి.

అప్పుడు చెప్పింది అత్త. మా దగ్గర మూర అంటే ఎవరు కట్టుకుంటారో వాళ్ల మూర. వాళ్ల మోచెయ్యి నుంచి నడిమివేలి కొస దాకా. నెలల పిల్లకు జానెడు వస్తుంది, వస్తాదుకు బారెడంత వస్తుంది. కొందరు దేవుడికి నిలువెత్తు బెల్లం ఇస్తారు కదా, అట్లా మనిషి తన కొలతే దేవుడికి చూపించుకోవాలి. మంచాన పడి రాలేనివాళ్లు ఇంట్లో తమ చెయ్యికి పుల్ల కొలిచి విరిచి పంపిస్తారు. వచ్చినవాళ్లు ఆ పుల్ల తెస్తారు. ఇన్నేళ్లూ అత్త కుడిచేత్తో ఎదుటివాళ్ల చెయ్యి పట్టుకుని, ఎడమచేత్తో దారం సాగదీసి కొలిచేది.

"గీ ముచ్చట ముందే చెప్పొద్దా అత్తమ్మా?"

"గిది గూడ చెప్పాల్నా? మూర అంటె మనిషిది గాక మొలదైతదా?"

మొల పీకేశాను. చెక్క పీకేశాను. రెండు రోజులు చేసిన పని రెండు నిమిషాల్లో పోయింది. పీకాక చూస్తే బుర్ర, పీలిక, కొడవలి ముక్క మాత్రం మిగిలాయి. అప్పుడు తోచింది, కొలిచేవాళ్లు ఎదురుగానే ఉండగా నేను చెక్క ఎందుకు పెట్టాను? వచ్చినవాళ్లే మోచెయ్యిని బుర్ర మూతికి ఆనించాలి. ఇంకో చేత్తో కొసను తమ నడిమివేలి దాకా తామే లాక్కోవాలి. అత్త చెయ్యాల్సింది ఒక్కటే, మూతి దగ్గర వేలితో నొక్కడం. చంటిపిల్లలదైతే తల్లి లాగుతుంది. పుల్ల తెచ్చినవాళ్లు పుల్ల ఆనిస్తారు.

జనానికి ఇది భలే నచ్చింది. తమ దారం తామే లాక్కోవడం ఒక వేడుకైంది. సొరకాయ బుర్ర దుకాణమని పేరు పడింది. లాగేటప్పుడు లోపల దారం సన్నగా గుసగుసమనేది, అది విని పిల్లలు కేరింతలు కొట్టేవాళ్లు. అత్త ఎడమచేతి బొటనవేలు పసుపెక్కి మెరిసిపోయేది.

జాతర వచ్చింది. వీధిలో ఇసుక వేస్తే రాలనంత జనం. నేను పెరట్లో ఉండలు చుట్టడం, మా ఆయన ఖాళీ అయిన బుర్ర విప్పి కొత్త ఉండ పెట్టడం. అత్త పొద్దున కూచుంటే లేవలేదు. ఎవరికి బిడ్డా, ఎవరికి నాయినా, ఎన్నాళ్లనుంచి ఉంది, ఎవరు చూశారు, ఇట్లా ఒక్కొక్కరినీ అడగడం, వాళ్లు చెప్పడం, ఆమె నొక్కడం. మధ్యాహ్నానికి ఆలేరు నుంచి బావ బండి కట్టుకుని వచ్చాడు. తల్లి సామాను వేసుకుపోవడానికి బండిలో గడ్డి కూడా పరుచుకుని వచ్చాడు.

వచ్చి దుకాణం పక్కన నిలబడి చూశాడు. బుర్ర చూశాడు. జనం ఎట్లా లాక్కుంటున్నారో, తల్లి ఎట్లా ఒక్క వేలితో పని కానిస్తోందో చూశాడు.  ఇప్పుడేమంటావు బావా అనుకున్నాను.

"మస్తుగున్నదే అమ్మా గీ బుర్ర," అన్నాడు నిజంగానే సంతోషపడి. "గిట్లయితె ఇగ నువ్వు కూసునుడు ఎందుకు? ఎవరు కూసున్నా నడుస్తది. కొబ్బరికాయలాయన పోరగాండ్లను పెట్టినా నడుస్తది. జర జరుగు, నేను కూసోని సూస్త."

 ఆమె జాగా నిలబెట్టాలని నేను రాత్రింబగళ్లు చేసిన పనే, ఆమె అక్కర్లేదని చెప్పడానికి పనికొచ్చింది. వెళ్లి ఆ బుర్రను నేలకేసి కొడదామా అనిపించింది. అత్త పక్కకు జరిగింది. ఆమె ముఖం చూస్తే, పెరట్లో నా పక్కన కూచున్ననాటి ముఖమే. 

బావ కూచున్నాడు. పని చకచకా నడిచింది. "ఊ, లాగు, అయింది, పో. ఊ, లాగు, అయింది, పో." వరుస ముందుకన్నా వేగంగా కదిలింది. చూశావా అన్నట్టు తల్లివైపు చూసి నవ్వాడు కూడా.

అప్పుడొక ఆడమనిషి వచ్చింది. నా ఈడుదే. చంకలో ఏడాదిన్నర పిల్ల. కాళ్ల నిండా దుమ్ము, చాలా దూరం నడిచి వచ్చినట్టుంది.

"ఊ, లాగు," అన్నాడు బావ.

"నాకు కాదు. ఈ పిల్ల నాయినకు."

"పుల్ల తెచ్చినవా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆయన ఇంట్ల లేడు," అంది మెల్లగా.

 ఆ రోజుల్లో మా వైపు ఊళ్లలో మగవాళ్లు ఉన్నట్టుండి ఇంట్లో లేకుండా పోతుండేవాళ్లు. కొందరు అడవికి, కొందరు జైలుకు, కొందరు ఎక్కడికో ఇంట్లోవాళ్లకే తెలియదు. ఇంట్లో లేడు అంటే ఆ పైన ఎవరూ అడిగేవాళ్లు కాదు.

బావ కూడా ఇబ్బందిపడ్డాడు. "పోనీ నీ చెయ్యే పెట్టు తీ. అందాజగ ఒక జానెడు ఎక్కువ గుంజు," అన్నాడు.

ఆమె చెయ్యి ముందుకు పెట్టింది. మళ్లీ వెనక్కి తీసుకుంది. "వద్దులే అన్నా," అని పిల్లను సర్దుకుని వెనక్కి తిరిగింది.

"ఆగు బిడ్డా," అంది మా అత్త.

ఆమె ఆగింది.

"పిల్లను ఎత్తుకునెటోడా ఆయన?"

"దించెటోడు కాదు."

"ఏ చేత్తోటి?"

"ఎడమ చేత్తోటి."

"ఎత్తుకుంటె పిల్ల ఆయన మోచేతుల కూసుండేది గద. మరి యేల్లు పిల్లకు ఏ కాడికొచ్చేటియి?"

ఆమె కళ్లు మూసుకుంది. తన చెయ్యి ఎత్తి పిల్ల వీపు వెనక నుంచి తీసుకుపోయి, అవతలి భుజం మీద ఒకచోట ఆపింది. "గీడికి," అంది. "గీ జబ్బ మీద యేల్లతోటి తాళమేసెటోడు."

అత్త ఎడమచేత్తో కొస లాగి ఆమెకు అందించింది. ఆమె పిల్ల పిర్ర కింద నుంచి వీపు మీదుగా భుజం దాకా దారం సాగదీసింది. మెడ దగ్గర తగిలేసరికి పిల్లకు చక్కిలిగిలి పుట్టి కిలకిల నవ్వింది. వరుసలో అందరూ ఆ నవ్వు విన్నారు. ఎవరూ నవ్వలేదు.

"ఎన్నడు పోయిండు?"

"కార్తీకంల."

అత్త దారం మీద వేళ్లు జరిపింది. "గప్పటికెల్లి పిల్ల పెరిగింది గద బిడ్డా. రెండు యేల్ల మందం తగ్గియ్యాలె," అంది. రెండు వేళ్లు ఇవతలికి పెట్టి, బొటనవేలితో నొక్కి తెంపింది.

ఆమె అప్పటిదాకా ఏడవలేదు. ఆ రెండు వేళ్ల దగ్గర ఏడ్చింది. నిలబడే ఏడ్చింది. పిల్ల ఆమె ముఖం మీద చెయ్యి పెట్టి చూసింది. ఆమె దారాన్ని పిడికిట్లో ముడుచుకుని, అత్త పడిపోయిన కుడిచేతిని ఒక్కసారి కళ్లకు అద్దుకుని, మెట్లవైపు వెళ్లిపోయింది. తడిక వెనక నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

బావ బుర్ర ముందు అట్లాగే కూచున్నాడు. వరుసలో తర్వాతివాడు మోచెయ్యి ఆనించి ఎదురు చూస్తున్నాడు. బావ చెయ్యి కదలలేదు.

"అమ్మా," అన్నాడు. "గామెను ఏమడగాల్నో నాకు తెల్వకపాయె."

"తెల్వకుంటె జరుగు మరి," అంది మా అత్త. "ఎనుక మంది నిలవడ్డరు."